అలుగు పారిన ఏడు

మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు అలుగు పారిన ఏడు మా ఇంట్లో ఇద్దరు మగవాళ్లు ఉద్యోగాలు మానేశారు. ఒకరు మా మామ కొండల్. ఇంకొకరు ఆయన కొడుకు, నా భర్త సతీశ్. మామ సంతోషంగా మానేశాడు. సతీశ్ ఎందుకు మానేశాడో నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

మేం చేపలు పట్టేవాళ్లం. అలా చెప్పుకోవడమే గానీ నేను కాపురానికి వచ్చేనాటికి చెరువులో నీళ్లు లేవు. లోపలంతా తుమ్మచెట్లు మొలిచాయి. వాటి మధ్య పిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్లు. మామ సాగర్ రోడ్డు మీద ఒక కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండేవాడు. అత్త ఈదమ్మ బస్టాండు పక్కన కూర్చుని చేపలు అమ్మేది. ఆ చేపలు ఎక్కడో కోస్తా చెరువుల్లో పెరిగి, ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి వచ్చేవి. "మన చెరువుయి కావు, మన వలల పడ్డయి కావు. కోసుడొక్కటే మనది" అని నవ్వేది.

సతీశ్ డిగ్రీ చదివాడు. సిటీలో ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని దొరికింది. మన్నెగూడ చౌరస్తా దాకా బండి మీద పోతే అక్కడి నుంచి కంపెనీ కారు ఎక్కించుకునేది. మా గల్లీలో కారులో డ్యూటీకి పోయే మనిషి ఆయనొక్కడే. ఆ పని ఏమిటో పెళ్లయిన చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. జనం ఫోన్లలో పెట్టే తెలుగు వీడియోల్లో చూడరానిది ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, అవి ఒకదాని వెనక ఒకటి సతీశ్ ముందుకు వస్తాయి. చూసి, ఉంచాలో తీసెయ్యాలో నొక్కాలి. నొక్కగానే ఇంకోటి వస్తుంది. ఏం చూశాడో ఇంట్లో చెప్పకూడదని కంపెనీవాళ్లు ముందే సంతకం పెట్టించుకున్నారు. సతీశ్ ఆ మాట తప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పేవాడు కాదు.

కానీ చెప్పని మాటలు కూడా ఇంట్లోకి వస్తాయి. అత్త కత్తిపీట ముందేసుకుని చేప తల కోస్తుంటే సతీశ్ లేచి బయటికి పోయేవాడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఆ వాసనలోనే పెరిగిన మనిషి. తన ఫోన్లో రంగులన్నీ తీసేసి, పాతకాలం సినిమాలాగా నలుపు తెలుపు పెట్టుకున్నాడు. అప్పటికి మా యమునకు నాలుగో ఏడు. "నాయినా, నీ ఫోను ఎందుకు గట్లున్నది? ఖరాబయిందా?" అని అడిగితే, "అవ్ బిడ్డా, ఖరాబయింది" అన్నాడు. రక్తం ఎర్రగా కనపడకుండా ఆఫీసులో వాళ్లంతా అలాగే పెట్టుకుంటారని తర్వాత తెలిసింది. ఆ అలవాటు చేతిలో ఫోనుకు కూడా వచ్చింది.

వానలు మొదలవడానికి ముందు ఒక ఆదివారం యమున వాకిట్లో పాట పాడుకుంటూ గిరగిరా తిరుగుతోంది. ముద్దొచ్చి నేను ఫోన్లో వీడియో తీస్తున్నాను. లోపలి నుంచి సతీశ్ వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"ఎందుకు తీస్తున్నవ్?"

"ఎందుకేంది? మా అమ్మకు పంపుదామని."

"ఎవ్వలకు పంపకు. పిల్ల బొమ్మ ఏడేడ తిరుగుతదో, ఎవ్వడెవ్వడు చూస్తడో నీకు తెల్వది."

"మా అమ్మ చూస్తది. ఇంకెవ్వలు చూస్తరు?"

సతీశ్ వీడియో తుడిచేసి ఫోను నా చేతిలో పెట్టాడు. యమున తిరగడం ఆపి మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఆ మధ్య ఆయన పిల్లను ఎత్తుకోవడం కూడా మానేశాడని నాకు అప్పుడే తట్టింది. స్నానం చేయిస్తుంటే పక్కకు తప్పుకునేవాడు. మెట్ల మీద ఆడుకుంటుంటే ఉన్నచోటే నిలబడి గట్టిగా అరిచేవాడు. ఆయన కళ్లకు ఎక్కడ చూసినా పిల్ల పడిపోయేటట్టే కనిపించేదట.

* * *

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. పైనున్న కుంటలన్నీ నిండి, కాలువ పొంగి, నీళ్లు పెద్దచెరువులోకి మళ్లాయి. మొదట తుమ్మచెట్ల మొదళ్లు మునిగాయి, తర్వాత కొమ్మలు మునిగాయి. చివరికి కొనకొమ్మలు మాత్రం అక్కడక్కడ నీళ్ల మీద ఊగుతూ మిగిలాయి. ఊళ్లో ముసలివాళ్లంతా రోజూ కట్ట మీదికి పోయి చూసొచ్చేవాళ్లు. మామ డ్యూటీ డ్రెస్సుతోనే పోయి నిలబడేవాడు. ఒక పొద్దున ఇంటికొచ్చి ఆ డ్రెస్సు విప్పి దండెం మీద వేసి, "ఇగ నేను గేటుకాడికి పోను" అన్నాడు.

అత్త నవ్వింది. "మునుగుడు ఒస్తదా ఇంకా? మర్సినవా?"

"తల్లి కడుపుల నేర్సింది మరుస్తరానే?"

అలుగు పారిన రోజు ఊరు ఊరంతా కదిలి పోయింది. కొబ్బరికాయలు కొట్టారు, నీళ్లకు పసుపు కుంకుమ వేశారు. మా చేపల సంఘం ఆడవాళ్లలో కొందరు ఏడ్చారు. సంఘంవాళ్లు వదిలిన చేపపిల్లలు కాక, పై నుంచి కొట్టుకొచ్చిన చేపలు కూడా బోలెడు. మామ అటక మీద నుంచి పాత వల దించాడు. ఎలుకలు కొరికిన చోటల్లా అతుకులు వేస్తూ వాకిట్లో కూర్చున్నాడు. సతీశ్‌కు ఆ రోజూ మర్నాడూ సెలవు. తండ్రి ఎదురుగా కూర్చుని వల ఒక అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ సాయంత్రం దాకా అట్లాగే కూర్చున్నారు.

మర్నాడు పొద్దున తండ్రితో పాటు తెప్ప మీద లోపలికి పోయాడు. థర్మాకోల్ దిమ్మెలు కట్టి, పైన పట్టా చుట్టిన తెప్ప అది. నేను చాయ్ తీసుకుని యమునతో కట్ట మీదికి పోయేసరికి వాళ్లు ఒడ్డుకు వస్తున్నారు. సతీశ్ నడుం దాకా తడిసిపోయాడు. వల్లోంచి తుమ్మకంపలు పీకడంతో చేతినిండా గీతలు పడ్డాయి. ఒక పెద్ద కొర్రమట్ట చేప చేతుల్లోంచి జారి మళ్లీ నీళ్లలో పడింది.

"గదీ సదువుకున్నోని పట్టు!" అన్నాడు మామ.

సతీశ్ నవ్వాడు. గొంతు విప్పి, తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఆ నవ్వు చూసి యమున కూడా నవ్వి, నీళ్లలోకి పరుగెత్తబోయింది. నేను పట్టుకునే లోపే సతీశ్ ఎదురొచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. తడి బట్టలతోనే ఎత్తుకున్నాడు. తర్వాత ఇంటికొచ్చి అన్నం తిని, మధ్యాహ్నం వాకిట్లో నులకమంచం మీద సాయంత్రం దాకా నిద్రపోయాడు. మీద ఈగలు వాలుతున్నా కదల్లేదు. అత్త పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, "గిట్ల పండుకోంగ సూడక ఎన్ని దినాలాయెనో" అంది.

సెలవు అయిపోయింది. సతీశ్ మన్నెగూడ పోలేదు. కారు డ్రైవరు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "నేను రాను అన్నా. ఇగ రాను" అని పెట్టేశాడు.

ఆ మాట విని మొదట కోపం వచ్చింది మామకు.

"చెరువును నమ్ముకుంటవారా? మళ్ల ఎండితే? నేను నమ్ముకుంటి. ఏమైంది? గేటుకాడ పోరగాండ్లకు సలాం కొట్టుకుంట ముసలోన్నైతి."

"ఎండినప్పుడు చూద్దాం బాపు."

"నీకు తెల్వది. నాకైతే ఇంకేం రాక చెరువుకు పోతున్న. నీకు చేతిల సదువున్నది."

సతీశ్ తల దించుకుని కూర్చున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు కానీ అందరూ నా వైపు చూశారు. ఇంటి ఖర్చు ఆయన జీతం మీద నడుస్తుందని అందరికీ తెలుసు. నేను యమునకు అన్నం కలుపుతున్నాను. "ఆయనకు నిద్ర పడుతున్నది మామా" అన్నాను. మామ లేచి వల సర్దుకోవడానికి పోయాడు.

ఆ సాయంత్రం కట్ట మీద కూర్చున్నప్పుడు సతీశ్ తనంతట తానే చెప్పాడు. అదొక్కసారే చెప్పాడు.

"చూసుడు కష్టమని అనుకుంటరు నర్మదా. చూసుడు కాదు. ఒక పిలగాడు ఉరిపెట్టుకుంట కెమెరా ముందట నిలవడతడు. నేను చూస్తా. తీసేస్త. ఇంకోటి వస్తది. వాడు చచ్చిండా, ఎవ్వలన్న వచ్చి తలుపు పలగ్గొట్టిండ్రా? నాకు తెల్వది. ఎప్పటికీ తెల్వది. నొక్కినంక వాడు నా ముందట ఉండడు. ఏడికి పోతడో ఏమో."

నేను ఆయన చేయి పట్టుకున్నాను. అలుగు మీద నుంచి నీళ్లు దూకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇక్కడ మంచిగున్నది" అన్నాడు. "వల ఏస్తే చేప పడుతది, లేకుంటె పడదు. ఏదో ఒకటి తెలుస్తది."

* * *

తర్వాత వచ్చిన రోజులే నా పెళ్లి తర్వాత నేను ఎక్కువగా తలుచుకునే రోజులు. తెల్లవారకముందే తండ్రీకొడుకులు వలతో పోయేవాళ్లు. అత్త ఐసు చేపలు మానేసి చెరువు చేపలు తెచ్చి అమ్మడం మొదలుపెట్టింది. "మన చెరువుయి! బతికున్నయి!" అని ఆమె అరుస్తుంటే బస్టాండు అంతటా వినపడేది. బొచ్చెలు, రవ్వలు గంపలో ఎగిరెగిరి పడేవి. సతీశ్ కూడా కత్తిపీట ముందు కూర్చుని కోసేవాడు. ఆయన ఫోనుకు రంగులు వచ్చాయి. యమునను మెడ మీద ఎక్కించుకుని కట్ట పొడుగునా నడిచేవాడు. ఆ పిల్ల తండ్రి జుట్టు పట్టుకుని, "అటు పో, ఇటు పో" అని బండిలాగా తోలేది. ఇంట్లో కూరకు సరిపోని రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు కూడా ఎవరం గొంతెత్తి మాట్లాడుకోలేదు.

అప్పుడప్పుడు రూత్ ఫోన్ చేసేది. ఆఫీసులో సతీశ్ పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి, నల్లగొండ వైపు ఊరు. నాతో కూడా మాట్లాడేది. "వదినా, అన్నను మళ్ల పంపకు. ఉన్నకాడ్నే ఉండనియ్యి" అనేది నవ్వుతూ. వెనక కీబోర్డుల చప్పుడు వినిపించేది.

చెరువు నిండిందని తెలిసి సిటీ నుంచి జనం రావడం మొదలైంది. ఆదివారాలైతే కట్ట మీద కార్లు వరసగా నిలిచేవి. పిల్లలు, పెద్దవాళ్లు, పెళ్లి కుదిరిన జంటలు, అందరూ అలుగు దగ్గర నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. అత్తా నేనూ కట్ట దిగువన పొయ్యి పెట్టి చేపలు వేయించి అమ్మేవాళ్లం.

బతుకమ్మ ఇంకో వారంలో ఉందనగా వచ్చిన ఆదివారం. మబ్బు పట్టి, చల్లగా ఉంది. నేను పెనం మీద చేప తిప్పుతుంటే అలుగు వైపు నుంచి కేకలు వినిపించాయి. పండగ హుషారు కేకల్లాగే అనిపించాయి మొదట. తర్వాత జనం అటు పరుగెత్తడం చూశాను. నలుగురు స్నేహితులు వచ్చారట. అందులో ఒకడు అలుగు పైన పాకుడు పట్టిన రాయి మీద నిలబడి వెనక్కి తిరిగి ఫోన్లో తనను తాను తీసుకుంటున్నాడు. కాలు జారి, లోతున్న వైపు పడ్డాడు. ఈత రాదు. పేరు మహేశ్వర్. నాదర్‌గుల్ దగ్గర కాలనీలో ఉంటాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఇదంతా ఆ స్నేహితులు ఏడుస్తూ ఎస్సైకి చెబుతుంటే విన్నాం.

ఎస్సై మా సంఘంవాళ్లను పిలిచాడు. ఎవరు పడినా మా వాళ్లనే పిలుస్తారు. ఇన్నేళ్లు చెరువులో నీళ్లు లేక ఆ పిలుపు రాలేదు. మామ పొయ్యి దగ్గరికి వచ్చి, నా ముందే సతీశ్‌తో అన్నాడు.

"నువ్వు రాకు. నేను, మన సంఘం మల్లేష్ పోతం."

"మల్లేష్‌కు నడుం నొస్తున్నదని నువ్వే అన్నవ్ కద బాపు."

"నువ్వు గివన్ని చూసుడు బంజేసినవ్. రాకు."

సతీశ్ అప్పటికే చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. తండ్రి వెనక పోయాడు.

వాళ్లు చాలాసేపు వెతికారు. తెప్ప మీద నుంచి కొక్కేలు వేసి లాగారు. సతీశ్ మళ్లీ మళ్లీ మునిగి పైకి లేచాడు. కట్ట మీద జనం పెరుగుతూనే ఉన్నారు. ఎవరూ ఇంటికి పోలేదు. వేయించిన చేపలు అడిగి తింటూ కూడా చూశారు. పొద్దు వాలే వేళకు మునిగిన తుమ్మకొమ్మల్లో చిక్కుకుని దొరికాడు. సతీశ్ కిందికి మునిగి కొమ్మలు విరిచి విడిపించాడు. తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి తెప్ప మీదికి లాగారు.

అప్పుడు కట్ట మీద ఉన్నవాళ్లందరి చేతులూ ఒక్కసారి పైకి లేచాయి. ఎటు చూసినా ఫోన్లే. వెనకున్నవాళ్లు ముందున్నవాళ్ల భుజాల మీది నుంచి పట్టుకున్నారు. ఒకతను చెట్టెక్కాడు. ఇంకొకతను పక్కకు తిరిగి తన ఫోనుకే ఏదో వివరంగా చెబుతున్నాడు.

తెప్ప ఒడ్డుకు దగ్గరగా వచ్చి ఆగింది. సతీశ్ నీళ్లలో దిగి నిలబడ్డాడు. ఛాతీ దాకా నీళ్లు. తెప్ప అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందుకు లాగడం లేదు.

"ఏమైందయ్యా? తీస్కరా!" అన్నాడు ఎస్సై.

"ఫోన్లు దించమనుండ్రి సార్."

"నువ్వు తీస్కరావయ్యా, మేం చూసుకుంటం."

"దించినంకనే వస్త సార్."

కోపంగా లేదు ఆ గొంతు. అడుక్కుంటున్నట్టు కూడా లేదు. మామ తెప్ప మీద కూర్చుని కొడుకునే చూస్తున్నాడు. తన తలగుడ్డ విప్పి ఆ పిల్లాడి మీద కప్పాడు. పోలీసులు జనాన్ని వెనక్కి నెట్టారు. కొందరు దించారు. దించినవాళ్లు వెనక్కి పోగానే వేరేవాళ్లు ముందుకొచ్చి ఎత్తారు. సతీశ్ అక్కడే నిలబడ్డాడు. నీళ్ల చలికి ఆయన పెదవులు నీలంగా మారడం ఒడ్డున ఉన్న నాకు కనిపిస్తోంది.

అప్పుడే ఆ పిల్లాడి తల్లి వచ్చింది. మంజుల ఆమె పేరు. ఎవరో బండి మీద తీసుకొచ్చారు. ఆమె ఎవరి మాటా వినకుండా చీరతోనే నీళ్లలోకి దిగిపోయింది. నేనూ అత్తా ఆమె వెనకే దిగి రెక్కలు పట్టుకున్నాం. ఆమె రావడం చూసి సతీశ్ ఒక్క పని చేశాడు. తలగుడ్డ కొస తడిపి ఆ పిల్లాడి ముఖం తుడిచాడు. ముక్కు దగ్గర ఉన్న బురద తీశాడు. వెంట్రుకల్లో ఇరుక్కున్న ఆకులు ఒక్కొక్కటి ఏరాడు. తెరిచి ఉన్న కళ్లు మూశాడు. తర్వాత పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

ఆమె కొడుకు ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "సల్లవడ్డవు కద నాయినా" అంది.

సతీశ్ ఆమె వెనక్కి వచ్చి, కట్టకూ ఆమెకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. మామ కూడా దిగి పక్కన నిలబడ్డాడు. అది చూసి మా సంఘంవాళ్లు ఒక్కరొక్కరే నీళ్లలోకి దిగి ఆమె చుట్టూ నిలబడ్డారు. ఆమె ఎంతసేపు ఏడ్చిందో అంతసేపు నిలబడ్డారు.

* * *

నేను ఇంటికి పోయి తడి చీర మార్చుకునే లోపే ఆ వీడియో నా ఫోనుకు వచ్చింది. మా అన్న పంపాడు. "మీ ఊరేనా?" అని అడిగాడు. సతీశ్ మునిగి లేవడం, తెప్ప మీదికి లాగడం, ఆ పిల్లాడి ముఖం, అన్నీ ఉన్నాయి. చెట్టెక్కినతను తీసినట్టుంది. నేను తుడిచేశాను. సతీశ్‌కు చెప్పలేదు.

చెప్పింది రూత్. మర్నాడు పొద్దున ఫోన్ చేసింది. సతీశ్ వల ఆరేస్తూ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, నిన్న నిన్ను చూసిన" అంది రూత్. గొంతు బొంగురుపోయి ఉంది. "నా ముందుకొచ్చింది. మొదట పోల్చలే. తర్వాత నువ్వు తిరిగి చూసినవ్."

సతీశ్ వల వదిలేశాడు. "తీసినవా?"

"తీసిన. మళ్లొచ్చింది. ముక్కలు ముక్కలు చేసి పెడుతున్నరన్నా. ఒకడు ఏడుపు పాట కలిపి పెట్టిండు. ఒకడు తలకిందులు చేసి పెట్టిండు. మిషన్ పట్టుకుంటలేదు, మనిషే చూడాలె. వాళ్లమ్మ గొంతు కూడ వినవడుతున్నది. పండగ సెలవులకు సగం మంది పోయిండ్రు. నేను తీస్తనే ఉన్న, అది వస్తనే ఉన్నది."

"వాళ్లమ్మ ఫోనుకు పోతది" అన్నాడు సతీశ్.

"అవ్ అన్నా. ఎవడో ఒకడు పంపుతడు."

ఫోన్ పెట్టేశాక సతీశ్ వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. ఆ పూట చెరువుకు పోలేదు. మర్నాడు కూడా పోలేదు. మూడో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బూట్లు తొడుక్కుంటుంటే, మామ చెరువు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏడికిరా?"

"ఆఫీసుకు. అడిగితే రమ్మన్నరు."

మామ గంప దించి, దాని పక్కనే కూర్చున్నాడు.

"చెరువుల పడ్డోడు ఎప్పటికైనా ఒడ్డుకొస్తడు. మనం తీసుకొస్తం. నీ ఫోన్ల పడ్డోడు ఒడ్డుకొస్తడారా?"

"రాడు బాపు."

"మరి?"

"అందుకే పోతున్న."

అత్త ఏడుపు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. వద్దని చెప్పడానికి నేను నోరు తెరిచాను. పొద్దు వాలే వేళ ఆయన ఆ పిల్లాడి వెంట్రుకల్లోంచి ఆకులు ఏరడం కళ్ల ముందు కనిపించింది. అన్నం డబ్బా కట్టి చేతికిచ్చాను. యమున వల మీద ఎక్కి ఆడుకుంటూ, "నాయినా, తెప్ప ఇటున్నది!" అని అరిచింది. ఆయన వెనక్కి తిరగకుండా బండి తీశాడు.

పండగ అయ్యాక వస్తాడనుకున్నాం. ఆ వీడియో ఆగిపోయాక వస్తాడనుకున్నాం. అది నిజంగానే ఆగిపోయింది. కానీ అప్పటికి దాని వెనక ఇంకెవరివో వచ్చాయి. వాళ్లకు కూడా తల్లులు ఉన్నారు కదా అన్నాడు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మామ ఒక్కడే తెప్ప మీద పోతున్నాడు.

సంక్రాంతి దాటి చలి తగ్గుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం మంజుల మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చాలా చిక్కిపోయింది. నేను మంచం వాల్చి కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. సంచిలోంచి అరటిపండ్లు తీసి యమున చేతిలో పెట్టింది.

"ఆ తమ్ముడు లేడా బిడ్డా?"

"డ్యూటీకి పోయిండమ్మా."

"ఒక్కటే మాట అడుగుదామని వచ్చిన. పైకి తీసినప్పుడు నా కొడుకు ముఖం ఎట్లుండె? నేను చూసినట్టే ఉండెనా? నాకు చూపెట్టనీకె మంచిగ చేసిండ్రా?"

"నిద్రపోయినట్టే ఉండెనమ్మా. మీరు చూసినట్టే."

ఆమె చాలాసేపు తలూపుతూ కూర్చుంది. "మొత్తం వీడియో తీసిండ్రంట. మా చుట్టాలు చెప్పిండ్రు. నాకెవ్వడన్న పంపుతడేమోనని రోజూ బుగులుతోని ఫోను తెరుస్తుంటి. మా మరిది మస్తు వెతికిండు. ఏడా లేదంట. దేవుడే దయతలిసిండు."

ఆమె చెయ్యి నా చేతిలో ఉంది.

ఆటో ఎక్కించడానికి రోడ్డు దాకా పోయాను. ఎక్కి కూర్చున్నాక అడిగింది.

"ఇప్పుడు చెరువుకు పోతలేడా తమ్ముడు?"

"లేదమ్మా. సిటీల కంప్యూటర్ పని."

"మంచిది బిడ్డా" అంది ఆమె తృప్తిగా. "నీళ్లమీదికి పంపకు. నీడపట్టున కూసోని చేసుకునే పని. పానానికి ఫికరుండది."

"అవ్ అమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం సతీశ్ వచ్చాడు. బూట్లు విప్పుకుంటుంటే ఆమె వచ్చిపోయిందని చెప్పాను.

"వీడియో చూసిందంటనా?"

"చూడలే. ఏడా లేదంట."

ఆయన తల ఊపాడు. ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. యమున అరటిపండు పట్టుకుని తలుపు చాటున నిలబడింది. ఈ మధ్య ఆ పిల్ల తండ్రి పిలిచేదాకా దగ్గరికి పోదు. పిలుస్తాడేమోనని చాలాసేపు నిలబడింది. ఆ రోజు ఆయన పిలవలేదు.